గాలిలో శ్రుతి



కామసముద్రం మూడు రాష్ట్రాల కూడలికి చేరువలోని ఊరు. రైలెక్కితే ఒకవైపు బంగారుపేట, మరొకవైపు కుప్పం. అడవి దాటితే తమిళనాడు. ఇటువంటి చోట సెల్‌ఫోను కేవలం వినోద సాధనం కాదు. ఏనుగుల మంద పొలాలవైపు దిగిందన్న కబురు పక్క ఊరికి చేరేది దానిద్వారానే. 2020లో బడులు మూతపడినప్పుడు పాఠం పిల్లల ఇళ్లకు చేరవలసి వచ్చినదీ దానిద్వారానే. ఆ ఏడాది సిగ్నల్ అందని ఇళ్లలోని పిల్లలు ఏమి కోల్పోయారో ఉపాధ్యాయులందరికీ తెలిసినదే. కనుక సిగ్నల్ ఎలా అందుతుంది, ఎందుకు అందదు అన్న ప్రశ్న ఈ సభకు పరాయిది కాదు.

సంగీత కచేరీని తలచుకుంటే విషయం సులభమవుతుంది. పాట మొదలు కాకముందే తంబురా మ్రోగుతుంది. అందులో రాగం లేదు, సాహిత్యం లేదు. దానిని వినడానికి ఎవరూ టిక్కెట్టు కొనరు. అయినా గాయకుడు, వయొలిన్ విద్వాంసుడు, మృదంగ విద్వాంసుడు అందరూ ఆ ఒక్క నాదాన్నే ఆధారం చేసుకుంటారు. సెల్ టవరు కూడా ఇటువంటి శ్రుతినొకదానిని పంపుతుంది. ఇంజనీర్లు దానిని రిఫరెన్స్ సిగ్నల్ అంటారు. తెలుగులో ఆధార సంకేతం అనవచ్చు. అందులో మాట ఉండదు, బొమ్మ ఉండదు. కాని అది ఎలా ఉండవలెనో ఫోనుకు ముందే తెలుసు. టవరు నుండి బయలుదేరిన తరంగం గుట్టలకు, గోడలకు, చెట్లకు తగిలి, పలు మార్గాల్లో వచ్చి, తనలో తాను కలసి వికృతమవుతుంది. తెలిసిన సంకేతం ఎంత మారి వచ్చిందో చూచి, తెలియని సంకేతాన్ని ఫోను సరిదిద్దుకుంటుంది. కొత్త విద్యార్థి చేతివ్రాతను తెలిసిన పద్యంలో పోల్చుకొని, తరువాత అతని జవాబు పత్రాన్ని చదివే ఉపాధ్యాయుని పని కూడా ఇంతే.

అయితే ఈ శ్రుతికి వెల ఉన్నది. 4జి ప్రసారాన్ని గళ్ల నోటుపుస్తకంగా ఊహిస్తే, ఒక మిల్లీసెకను కాలం, 180 కిలోహెర్ట్‌జ్‌ల వెడల్పు గల ముక్కలో 168 గళ్లుంటాయి. టవరు రెండు యాంటెన్నాలతో పనిచేస్తే అందులో 16 గళ్లు, నాలుగింటితో పనిచేస్తే 24 గళ్లు ఆధార సంకేతానికే పోతాయి. ఇరవై నాలుగంటే సరిగ్గా ఏడింట ఒక వంతు. ఊరంతా నిద్రించే వేళ కూడా ఈ మ్రోత ఆగదు. శ్రోత లేని కచేరీకి ఇంత తంబురా ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే.

భారతదేశంలో 2022 అక్టోబరు 1న ప్రారంభమైన 5జిలో ఈ దుబారాను చాలావరకు తగ్గించారు. అందులో టవరు వాడే తరంగాల వెడల్పు 100 మెగాహెర్ట్‌జ్‌ల వరకు ఉండవచ్చు. అంత వెడల్పునూ ప్రతి ఫోనూ వినవలసి వస్తే బ్యాటరీ త్వరగా హరించుకుపోతుంది. అందుచేత ఒక్కొక్క ఫోనుకు నాలుగు వరకు ఖండాలను కేటాయించి, ఒక సమయంలో ఒకదానిలోనే పని చేయిస్తారు. ఒక ఫోనుకు ఇరుకు ఖండం, మరొక దానికి వెడల్పైన ఖండం. రెండూ కొంతమేర ఒకదానిపై ఒకటి పడతాయి. ప్రతి ఖండానికీ వేరే శ్రుతి పెడితే పొదుపు చేసినదంతా మళ్లీ అక్కడే ఖర్చవుతుంది.

దీనికి కనుగొన్న ఉపాయం కోలారు బంగారు గనుల ప్రాంతంవారికి వెంటనే అర్థమవుతుంది. 2001లో మూతపడిన ఆ గనులు 3 కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లాయి. కార్మికుడు ఏ అంతస్తులో దిగినా లోతును లెక్కించేది నేలమట్టం నుండే గాని, అతడు నిలుచున్న చోటి నుండి కాదు. 5జిలో కూడా వాహకమార్గాన్ని కొలిచే ఆధార సంకేతపు వరుసను ఖండం మొదలు నుండి కాక, అన్ని ఖండాలకూ ఉమ్మడి అయిన ఒకే స్థానం నుండి లెక్కిస్తారు. ఆ స్థానం పేరు పాయింట్ ఎ. కనుక వేర్వేరు ఖండాల్లోని ఫోన్లు, అవి కలిసే మేరలో, ఒకే సంకేతాన్ని పంచుకోగలవు.

పంచుకోవడానికి హద్దు లేకపోలేదు. ఒక గుట్టకు తగిలి వచ్చిన ప్రతిధ్వని నేరుగా వచ్చిన తరంగం కన్నా 300 మీటర్లు అధికంగా ప్రయాణిస్తే, అది ఒక మైక్రోసెకను ఆలస్యమవుతుంది. అప్పుడు సుమారు అర మెగాహెర్ట్‌జ్ ఎడంలోనే ఒకచోట బలమైన సంకేతం మరొకచోట క్షీణించవచ్చు. ఒక మూలనున్న శ్రుతిని విని మరొక మూలను ఊహించడం అక్కడ పొరపాటు. మైదానంలో చెల్లే పొదుపు గుట్టల నడుమ పిసినారితనమే అవుతుంది.

ఫోను నుండి టవరుకు వెళ్లే దారి మరింత కష్టమైనది, ఎందుకంటే ఫోను గొంతు చిన్నది. పల్లెల్లో టవరుకూ టవరుకూ 6 కిలోమీటర్ల దూరమున్నా పనిచేయాలన్న పరీక్షను భారతదేశం పట్టుబట్టి అంతర్జాతీయ టెలికాం సంఘం కొలమానాల్లో చేర్పించింది. ఇందుకు ఉపకరించే, ఎగుడుదిగుళ్లు తక్కువగల ప్రసార పద్ధతిపై ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం విశేషంగా కృషి చేసింది. విచిత్రమేమంటే, 5జి మొదటి ప్రమాణాల్లో మాట సమంగా సాగినా, ఆధార సంకేతంలో ఎగుడుదిగుళ్లు ఎక్కువగా ఉండి, పొందిన లాభాన్ని అదే హరించేది. 2020లో ఖరారైన ప్రమాణాల్లో ఆధార సంకేతాన్ని కూడా దానికి తగినట్లు మార్చారు. పాట బాగుండి శ్రుతి తప్పిన కచేరీని సరిచేయడం వంటిదే ఇది.

ఇక సరిహద్దు ఊళ్ల సంగతి. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు వేర్వేరు టెలికాం సర్కిళ్లు. ప్రతి టవరు శ్రుతి దాని గుర్తింపు సంఖ్యను బట్టి మారుతుంది. 4జిలో అటువంటి సంఖ్యలు 504, 5జిలో 1008 మాత్రమే. అందుచేత అవే సంఖ్యలను దూరదూరంగా మళ్లీ మళ్లీ వాడక తప్పదు. గుట్టకు ఇవతలి టవరుకూ అవతలి టవరుకూ ఒకే సంఖ్య పడకుండా మూడు సర్కిళ్ల ఇంజనీర్లూ మాట్లాడుకోవాలి. లేకుంటే కామసముద్రం పొలిమేరలోని ఫోను తాను వింటున్నది ఏ రాష్ట్రపు తంబురాయో తెలియక తికమకపడుతుంది.