ఈదీగా కోడిపిల్లలా?



రంజాన్ పండుగనాడు పిల్లల చేతిలో ఈదీ పెట్టడం మనందరికీ సంతోషమే. అయితే రూపాయల బదులు రంగు పూసిన కోడిపిల్లల్ని, కుందేళ్ళని, పంజరంలో చిలకల్ని కొనిచ్చే అలవాటు గురించి నాలుగు మాటలు మనవి చేయదలిచాము.

ఆ ఎర్ర, పచ్చ కోడిపిల్లలు ఎక్కడివి? గుడ్ల కోళ్ళ హేచరీల్లో పుట్టే పిల్లల్లో సుమారు సగం పుంజులే. గుడ్లు పెట్టవు గనుక చౌకగా వదిలించుకుంటారు. మొదటి వారం వాటికి 32 నుండి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లి రెక్క కింద దొరికే ఆ వెచ్చదనం మన అట్టపెట్టెలో ఎక్కడిది? రెండు మూడు రోజులకే ఒక్కొక్కటీ వాలిపోతుంది. "అమ్మీ, ఎందుకు లేవట్లేదు?" అని పసివాడు అడిగితే ఆ తల్లి ఏం చెప్పాలి?

కుందేలు బాగా చూస్తే ఎనిమిది, పదేళ్ళు బతుకుతుంది. పిల్లల సరదా పది రోజులు. ఆ తర్వాత మేత, శుభ్రం అన్నీ అమ్మ నెత్తినే. ఇక రామచిలకనైతే పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

పిల్లిని బంధించి, తిండి పెట్టక, విడిచిపెట్టక చంపిన స్త్రీకి శిక్ష పడిందన్న హదీసు మనలో వినని వారుండరు. అబూ ఉమైర్ అనే పిల్లవాడి చిన్న పిట్ట గురించి ప్రవక్త (స) ఆప్యాయంగా పలకరించేవారనీ విన్నాము. కనుక పెంచడమే తప్పని మేము అనడం లేదు. పెంచేవాళ్ళు తామే కోరి తెచ్చుకోవాలి గానీ, పండుగ పూట ఇంకొకరింట్లో వదిలేసి రావడమేమిటి?

ఈసారి చెప్పులో, నోటుపుస్తకాలో, రొక్కమో ఇవ్వండి. ఇప్పటికే చిలక ఉన్నవారు దాన్ని గాలికి వదలకండి. రెక్కలు కత్తిరించినదైతే పిల్లి పాలవుతుంది. అటవీశాఖ వారికి అప్పగించండి.