పాత రివాల్వర్ కొనే ముందు

తోటల మధ్య ఒంటరి ఇళ్లున్నవారు, చెరువుల దగ్గర కాపలా ఉండేవారు మన గోదావరి డెల్టాలో ఆత్మరక్షణకు రివాల్వర్ కొనాలనుకుంటారు. కొత్తది ఖరీదు, అందుకే పాతదానికోసం వెతుకుతారు. బేరం తర్వాత, ముందు లైసెన్సు. 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ పూర్తవాలి.

అమ్మే లైసెన్సుదారు సైతం జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలిపి, కనీసం 45 రోజులు ఆగాలని 1959 నాటి ఆయుధాల చట్టం చెబుతోంది. ‘ఇప్పుడే పట్టుకెళ్లండి, సగం ధరకే’ అన్నవాడి మాట వినకండి. లైసెన్సు లేని ఆయుధం దొరికితే 2 నుంచి 5 ఏళ్ల జైలు.

ఇక వస్తువు సంగతి. ఆయుధంమీది నంబరు, అమ్మేవారి లైసెన్సులోని నంబరు ఒకటేనా చూడండి. ఖాళీ చేయించాక సిలిండర్ వదులుగా కదులుతోందేమో, గొట్టం లోపల తుప్పు మచ్చలున్నాయేమో లైసెన్సున్న డీలరుచేత పరీక్ష చేయించండి. మన గోదావరి గాలిలో తేమ ఎక్కువ. తోలు ఒరలోనే ఏళ్ల తరబడి ఉంచేసిన రివాల్వర్‌కు పైన మెరుపున్నా లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. అలాంటిది ఎంత చవకైనా వద్దు.

కొన్నాక రివాల్వర్, తూటాలు వేరువేరుగా, రెండూ తాళంలో, పిల్లలకు అందకుండా ఉంచండి.