చేపల తొట్టికి తోడు

(సాంస్కృతిక సంఘ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



ప్రభుత్వ వసతిగృహములలో కాపురముండు కుటుంబములలో పెక్కింటికి పెరడు లేదు, పాడి లేదు. అట్టి ఇండ్లలో పిల్లల ముచ్చట తీర్చుటకై ముందుగదిలో ఒక చేపల తొట్టి అమర్చుట నేడు సాధారణమైనది. ఆదివారమునాడు తొట్టి, గులకరాళ్లు, పది చేపలు ఒక్కసారిగా ఇల్లు చేరును. రెండు వారములు గడవకముందే చేపలు ఒక్కొక్కటిగా నీటిపై తేలును. దుకాణదారుడు రోగిష్ఠి చేపల నిచ్చినాడని పెద్దలు నిందింతురు. పిల్లలు కంట తడి పెట్టుకొందురు. అనేక సందర్భములలో చేపలకు రోగమేమియు లేదు. వాటిని విడిచిన నీరే సిద్ధము కాలేదు.

చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను ఎడతెగక విడుచుచుండును. మలము, తినక మిగిలిన మేత కుళ్లినప్పుడును అదియే పుట్టును. నదిలోనైనచో అది విస్తారమైన నీటిలో కలిసిపోవును. తొట్టిలో మాత్రము చేప తాను విడిచిన విషములోనే తాను ఈదవలసి వచ్చును. నీటిలో క్షారగుణమును వేడిమియు హెచ్చినకొలది ఆ విషము తీవ్రమగును.

ఈ విషమును హరించునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. అందు కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. అది రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి లేకుండ చేయును. మరికొన్ని సూక్ష్మజీవులు నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఇది అంతగా హాని చేయదు; నీటిమొక్కలు కొంత గ్రహించును, తక్కినది నీరు మార్చుటచే పోవును. ఇట్టి సూక్ష్మజీవులను రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున వేరుపరచి చూపెను. ఈ రెండు పనులను ఒంటరిగా నెరవేర్చగల నైట్రోస్పైరా జాతి జీవులు కూడ కలవని 2015లో వెల్లడియైనది.

దీనిని మన గృహిణులకు వేరుగా బోధింప నక్కరలేదు. పాలు తమంతట తాము పెరుగు కావు. తోడు వేయవలెను, వేసిన పిదప కదపక వేచియుండవలెను. చేపల తొట్టి విషయమును అట్టిదే. పెరుగునకు ఒక రాత్రి చాలును. తొట్టికి సుమారు 4 నుండి 6 వారములు పట్టును. అంతియే భేదము.

ఆ క్రమము ఇట్టిది. తొట్టిలో ఇసుక, రాళ్లు, నీరు నింపి, వడపోత యంత్రమును రాత్రింబవళ్లు నడుపవలెను. కుళాయి నీటిలోని క్లోరిను సూక్ష్మజీవులను చంపును గనుక నీటిని 24 గంటలు తెరచియుంచుటయో, దుకాణములలో దొరకు క్లోరిను విరుగుడు మందు వేయుటయో అవసరము. నీటిలో క్లోరమైను కలిపిన చోట్ల నిలవయుంచినంత మాత్రమున అది పోదు, మందే శరణ్యము. పిమ్మట చేపలు లేకయే, సువాసనలుగాని సబ్బుగాని కలియని అమ్మోనియాను లీటరునకు 2 మిల్లీగ్రాముల వంతున కలుపవలెను. పరీక్షా ద్రావకములతో రెండు మూడు దినములకొకసారి నీటిని పరీక్షింపవలెను. మొదట అమ్మోనియా తగ్గును, నైట్రైటు పెరుగును. తరువాత నైట్రైటును తగ్గును. కలిపిన అమ్మోనియా 24 గంటలలో పూర్తిగా మాయమై, నైట్రైటు కూడ శూన్యమైననాడు తొట్టి తోడుకొన్నదని తెలియవలెను. అప్పుడు చాల భాగము నీటిని మార్చి చేపలను తేవచ్చును.

ఈ సూక్ష్మజీవులు నీటిలోకంటె వడపోతలోని స్పంజిని, రాళ్లను అంటుకొని నివసించును. కావున ఆరోగ్యముగ నడచుచున్న స్నేహితుని తొట్టినుండి ఒక స్పంజి ముక్క తెచ్చి వేసినచో గడువు చాల తగ్గును. అదియే నిజమైన తోడు. స్పంజిని కుళాయి క్రింద కడిగినచో తోడును పారబోసినట్లే. తొట్టినుండి తీసిన నీటిలోనే దానిని పిండి శుభ్రపరుపవలెను.

ఇక రెండవ తోడు, అనగా సహవాసము. అందమును చూచి చేపలను కూర్చుట పొరపాటు. నీటి స్వభావము, వేడిమి, పెరుగు పరిమాణము, గుణము, ఈ నాలుగును కలియవలెను. గప్పీ, మాలీ చేపలకు కఠినజలము హితవు. నియాన్ టెట్రాకు మృదుజలము. గోల్డుఫిష్ చల్లని నీటిని కోరును. పెరిగి నోటికి పట్టిన చిన్న చేపలను మ్రింగును. అది గుండ్రని గాజుపాత్రలో ఉంచదగిన చేప కానేకాదు. ఏంజెల్ చేప పెద్దదైన పిమ్మట నియాన్ టెట్రాలను భక్షించును. టైగర్ బార్బులు పొడవైన రెక్కలను కొరుకును. రెండు మగ బెట్టాలు ఒక తొట్టిలో ఇమడవు.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టిలో 54 లీటర్లు పట్టును. నీటి బరువే 54 కిలోలు గనుక గట్టి బల్ల కావలెను. కొత్తవారికి గంగా, బ్రహ్మపుత్రా పరీవాహక ప్రాంతములకు చెందిన మన జీబ్రా డానియో తగినది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రకటించిన గంగానదీ మత్స్య గ్రంథములో దీనిని వర్ణించెను. ఇది గుంపు చేప. 6కు తక్కువ కారాదు. వీటిని మొదట విడిచి, రెండు వారముల తరువాత అడుగున మెలగు కోరిడోరస్ చేపలు 5 చేర్చిన చాలును. అన్నిటిని ఒకేనాడు విడిచినచో సూక్ష్మజీవులకు శక్తికి మించిన పని పడును. వారమునకొకసారి నాల్గవ వంతు నీటిని మార్చవలెను. ఢిల్లీవంటి చోట్ల చలికాలమున నీటిని వెచ్చపరచు సాధనమును, వేసవిలో గాలిమరయు అవసరము. ఏలన వేడినీటిలో ప్రాణవాయువు తగ్గును.

సెలవుపై స్వస్థలమునకు పోవునపుడు చేపలను గూర్చి అతిగా దిగులు పడనక్కరలేదు. ఎదిగిన ఆరోగ్యవంతమైన చేప వారము దినములు మేత లేకున్నను బ్రతుకును. పొరుగువారు ప్రేమతో గుమ్మరించు మేతవలననే ఎక్కువ ముప్పు. దూరపు ప్రయాణమైనచో పూటపూటకు కొలిచిన పొట్లములు కట్టి ఇచ్చుట మేలు.

బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు తొట్టి నిర్వహణ భారమై, చేపలను సమీపపు చెరువులోనో నదిలోనో విడుచుట పుణ్యకార్యమని కొందరు భావింతురు. ఇది పుణ్యము కాదు. తొట్టిని శుభ్రపరచునని కొనుచున్న సక్కర్ చేప దక్షిణ అమెరికాకు చెందినది. 40 సెంటీమీటర్లకు పైగా పెరుగును. ఇట్లు చేరిన జాతులు నేడు ఆంధ్ర, తెలంగాణ జలాశయములలోను వ్యాపించి, ముండ్ల వంటి రెక్కలతో జాలరుల వలలను చించుచున్నవి. మనము నగరమున విడిచిన వేడుక అక్కడ ఒకరి అన్నమునకు అడ్డగును.

కనుక వెళ్లువారు తమ చేపలను, తోడుకొన్న స్పంజితో సహా, తోటి ఉద్యోగికి అప్పగింపవలెను. ఇచ్చువారి చేపలు బ్రతుకును. పుచ్చుకొనువారికి ఆరు వారముల నిరీక్షణ తప్పును. పొరుగింటికి గరిటెడు పెరుగు తోడిచ్చు ఆచారము మన ఇండ్లలో ఎన్నడో ఉన్నదే.