వ్యసనము మాన్పించు గృహములు



అంబర్‌పేటలోని మా యింటి యరుగుపై నొకనాటి యుదయమున నా పూర్వశిష్యుడొకడు కూర్చుండియుండెను. రాత్రి బస్సులో నూరినుండి వచ్చినాడు. అతని కుమారుడు నడుము నొప్పికని ట్రమడాల్ మాత్రలు మ్రింగ నారంభించి, వానికి బానిసయైనాడు. మూడు నెలలలో మాన్పింతుమను బోర్డు చూచి, రొక్కము చెల్లించి, నగరములో నొక గృహమున నప్పగించినాడట. చూడబోగా పిల్లవాని తల గొరిగియున్నది, కాలికి గొలుసున్నది. “పంతులుగారూ, వైద్యమనగా నిట్లే యుండునా?” అని యడిగినాడు.

నల్లమందు మనకు క్రొత్తది కాదు. ఏడ్చు బిడ్డకు ఆవగింజంత నాకించి కూలికి బోయిన తల్లులను గూర్చి మా నాయనమ్మ చెప్పెడిది. ఆంగ్లేయ పాలనలోని జిల్లాలలో 1878 నాటి చట్టము దాని నమ్మకమునకు లైసెన్సు విధించినది. అమ్మువాడు లెక్క చెప్పవలసియుండగా, మాన్పువాడు చెప్పనక్కరలేదా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మాదకద్రవ్యములవలని మనోవికారములను గూడ రోగములలో జేర్చినది. అట్టి రోగుల నుంచుకొని చికిత్స చేయు గృహము రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థయొద్ద నమోదు కావలెను. ధ్రువపత్రమును వచ్చువారికెల్ల గనబడునట్లు తగిలింపవలెను. నమోదు లేక నడపినచో మొదటిమారు 5,000 మొదలు 50,000 రూపాయల వరకు దండుగ. ఇది చాలదని నా మతము. గొలుసుతో గట్టుటను, బలవంతముగా తల గొరుగుటను ఆ చట్టమే నిషేధించినది.

బంధించి మాన్పించుటలో మరియొక ప్రాణాపాయము కలదు. కొన్ని వారములు మానినచో దేహము పాత మోతాదును తాళలేదు. ఇల్లు చేరి మునుపటివలె మ్రింగినవాడు ఊపిరి నిలిచి మరణింపవచ్చును. అందువలననే వైద్యులు పలువురికి బ్యూప్రెనార్ఫిన్ మాత్రను సిబ్బంది కన్నులయెదుట నాలుక క్రింద గరగించుచు, నెలల తరబడి యిచ్చుచుందురు. విషమునకు విషమాయని నేనును మొదట శంకించితిని. కాని మోతాదు నెరిగి, ప్రతి మాత్రకు లెక్క వ్రాసి యిచ్చుట వేరు. ఆ మాత్రయే సంతలో దొరకినచో మరల వ్యసనమగును.

పోలీసుల భయమువలన శిష్యుడు ప్రభుత్వాసుపత్రికి బోలేదట. తనంతట చికిత్సకు వచ్చిన వ్యసనపరుని, వాడుక విషయమునను స్వల్పపరిమాణము విషయమునను, 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 64ఏ సెక్షను అభియోగమునుండి కాపాడుచున్నది. ఈ సంగతి గ్రామములలో దెలిసినవారరుదు. సలహాకు 14446 అను ఉచిత టెలిఫోను కూడ గలదు.

అతని వెంట నేనును ఆ గృహమునకు బోతిని. గోడనిండ దేవుని పటములు. ధ్రువపత్రము మాత్రము లేదు. పిల్లవానిని ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయమునకు గొనిపోతిమి. ఇప్పుడతడు తండ్రితో పొలమునకు బోవుచున్నాడు. మందింకను మానలేదు, తొందరవలదని వైద్యుడు చెప్పినాడు.