రెండు వందల కిలోమీటర్ల సైకిల్

సిద్దిపేట జిల్లా ములుగు మీదుగా పోయే రాజీవ్ రహదారిపై సైకిల్ తొక్కిన వాళ్లకు ఎండ, ఎదురుగాలి, లారీల దుమ్ము కొత్తేం కాదు. వాటిని గంటల తరబడి ఓర్చుకునే సవారీ బ్రెవే. ఇది పందెం కాదు, గడువులోగా గమ్యం చేరితే చాలు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు. దారిలో పంచరైనా, చైను తెగినా బాగుచేసుకోవాల్సింది మీరే. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ ఈ సవారీలన్నిటికీ పెద్దన్న. ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతుంది. దూరం దాదాపు 1200 కిలోమీటర్లు, గరిష్ఠ గడువు 90 గంటలు.

ఇంత దూరంలో కాళ్లకంటే ముందు చేతులు మొరాయిస్తాయి. హ్యాండిల్ అరచేతి నరాన్ని నొక్కి చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. పట్టు మారుస్తూ ఉండాలి. చెమటతో ఉప్పూ పోతుంది. ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం తగ్గి తల తిరుగుతుంది. ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో వెంట ఉండాలి. ఆకలి వేయకముందే తినాలి. రాత్రి కునుకు ముంచుకొస్తే మాత్రం మొండికి పోవద్దు. రోడ్డు దిగి, భద్రమైన చోట పావుగంట నడుం వాల్చండి. గడువు దాటితే మళ్లీ ప్రయత్నించవచ్చు, ప్రాణం ముఖ్యం.