మన కోసం మరొకరి దేవుడిని అడిగినప్పుడు



ఈ ఉపన్యాసం ఏ వైద్యుడి స్మృతిలో ఏర్పాటైందో, ఆయన గురించి ఇక్కడి పెద్దలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆయన ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. రోగిని లోపలికి తీసుకెళ్లే ముందు స్ట్రెచర్‌ను కాసేపు ఇంటివాళ్లకు వదిలేసేవారు. ఒకరు విబూది పెట్టేవారు, ఒకరు నుదుట చెయ్యి వేసి యేసు నామంలో ప్రార్థించేవారు, ఇంకొకరు దర్గా నుంచి తెచ్చిన నీళ్లు కళ్లకు అద్దేవారు. తాయెత్తు విప్పక తప్పనప్పుడు దాన్ని ఇంటివాళ్ల చేతికే ఇప్పించేవారు తప్ప చెత్తబుట్టలో పడనిచ్చేవారు కాదు. ఆ మర్యాద చుట్టూ ఉన్న ప్రశ్నే ఇవాళ్టి విషయం. పరమతస్థులు తన కోసం ప్రార్థన చేస్తే మనిషి ఒకసారి చేతులు జోడిస్తాడు, మరోసారి ముఖం తిప్పుకుంటాడు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

తెలుగు పట్టణాల్లో మగ్రిబ్ నమాజు ముగిసే వేళకు కొన్ని మసీదుల గుమ్మం ముందు కనిపించే దృశ్యం చాలామందికి తెలిసిందే. చంటిపిల్లలను చంకనేసుకుని తల్లులు వరుసగా నిలబడతారు. కొందరి చేతుల్లో మూత తీసిన నీళ్ల సీసాలుంటాయి. నమాజు చేసి బయటికొచ్చే ఒక్కొక్కరూ పెదవుల కింద ఏదో చదువుకుంటూ పిల్లాడి ముఖం మీద, సీసాలోని నీళ్ల మీద మెల్లగా ఊదుకుంటూ పోతారు. ఆ తల్లుల్లో ఎందరో హిందువులు. పిల్లాడు రాత్రంతా ఏడుస్తున్నాడనో, జ్వరం వదలడం లేదనో, దిష్టి తగిలిందనో ఇంట్లో పెద్దావిడ “సాయిబులతో ఊదించుకు రా” అని పంపి ఉంటుంది. చదివిన అరబ్బీ మాటలకు అర్థమేమిటని ఆ తల్లి అడగదు. నువ్వెవరి బిడ్డవని ఆ నమాజీ అడగడు.

ఇది ఒక్క మసీదు గుమ్మానికే పరిమితమైన సంగతి కాదు. ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మేరీమాత ఉత్సవాలకు వచ్చి తలనీలాలిచ్చేవాళ్లలో, కొబ్బరికాయలు కొట్టేవాళ్లలో హిందువులూ ఉంటారు. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునేవాళ్లను మతమేమిటని ఎవరూ అడగరు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె అని కోరికను బట్టి రొట్టెకు పేరు. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి ముస్లింలు వస్తారు. గుళ్లో స్నేహితుడి పేరున అర్చన చేయించేటప్పుడు గోత్రం తెలియకపోతే పూజారి కాశ్యప గోత్రమని చెప్పి సంకల్పం పూర్తి చేస్తాడు. ఆ దారిన ఏ రహీం పేరో, ఏ జోసెఫ్ పేరో కూడా దేవుడి ముందుకు వెళుతుంది.

2020 ఆగస్టు 5న గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కోవిడ్‌తో చెన్నై ఆసుపత్రిలో చేరారు. పరిస్థితి విషమించాక, 20వ తేదీ సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడివాళ్లక్కడ ఆయన పాట పెట్టుకుని ప్రార్థించాలని దర్శకుడు భారతీరాజా పిలుపునిచ్చారు. ఆ పిలుపులో ఇళయరాజా పేరుంది, ముస్లిం అయిన రెహమాన్ పేరుంది, దేవుణ్ణి నమ్మనని బాహాటంగా చెప్పే కమల్‌హాసన్ పేరూ ఉంది. తండ్రి పరిస్థితిని వీడియో సందేశాల్లో చెబుతూ వచ్చిన కుమారుడు చరణ్ ప్రార్థించిన అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. ఎవరి దేవుడనే లెక్క అందులో లేదు. సెప్టెంబర్ 25న బాలు వెళ్లిపోయారు. ఆయన దక్కలేదు కాబట్టి ఆ ప్రార్థనలు వృథా అని ఆ కుటుంబానికి గానీ, ప్రార్థించిన జనానికి గానీ అనిపించలేదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ కోరి చేయించుకున్న ప్రార్థనలు, లేదా మనసారా అందుకున్నవి. దీనికి రెండో వైపు కూడా ఉంది. దాన్ని దాచి మతసామరస్యం గురించి మాట్లాడితే అది సగం నిజమే అవుతుంది.

క్యాథలిక్ చర్చి శతాబ్దాల పాటు గుడ్‌ఫ్రైడే నాడు యూదుల కోసం ప్రార్థన చేసింది. లాటిన్‌లో ఉన్న ఆ ప్రార్థనలో యూదులను ప్రస్తావించిన విశేషణమే నిందలా ఉండేది. వాళ్ల కళ్లకు కట్టిన తెర తొలగాలని, వాళ్లు క్రీస్తును అంగీకరించాలని అందులోని వేడుకోలు. యూరప్ యూదులకు ఆ ప్రార్థన దీవెనలా వినిపించలేదు. అనేక ఊళ్లలో పవిత్రవారం యూదుల మీద దాడులు జరిగే వారం కావడంతో, తమ కోసం ప్రార్థిస్తున్నారంటే తలుపులు బిగించుకోవాల్సిన రోజులొచ్చాయనే అర్థం చేసుకున్నారు. పోప్ 23వ జాన్ 1959లో ఆ విశేషణాన్ని తీయించారు. 1965 అక్టోబరు 28న వెలువడిన రెండో వాటికన్ మహాసభ ప్రకటన యూదులతో సంబంధాన్నే తిరగరాసింది. 1970 నాటి కొత్త ప్రార్థనా గ్రంథం, యూదులు తమ దేవుడి నామం పట్ల ప్రేమలో, ఆయన నిబంధన పట్ల విశ్వాసంలో ఎదగాలని కోరుకుంది. అదే చర్చి, అదే గుడ్‌ఫ్రైడే. అడిగేది మాత్రం మారింది, వినేవాళ్ల స్పందనా మారింది. 2008లో పోప్ 16వ బెనెడిక్ట్ పాత లాటిన్ పూజావిధానం కోసం రాసిన ప్రార్థనలో యూదులు యేసును రక్షకుడిగా గుర్తించాలన్న కోరిక మళ్లీ కనిపించింది. ఇటలీ రబ్బీలు చర్చితో సాగుతున్న సంభాషణకు కొంతకాలం విరామం ప్రకటించారు.

చనిపోయినవాళ్ల విషయంలో ఈ నొప్పి ఇంకా ఎక్కువ. మార్మన్ చర్చి సభ్యులు మృతుల పేరిట బాప్తిస్మం జరుపుతారు. వాళ్ల దృష్టిలో అది ప్రేమతో చేసే సేవ. అయితే నాజీల చేతుల్లో చనిపోయిన యూదుల పేర్లు ఆ జాబితాల్లో బయటపడేసరికి వాళ్ల వారసులు తల్లడిల్లిపోయారు. యూదులు అన్న ఒక్క కారణానికి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లకు, పోయాక ఆ యూదుతనాన్నీ మిగల్చరా అన్నది వాళ్ల ప్రశ్న. నాజీల చేతుల్లో చనిపోయిన యూదుల పేరిట అలా చేయడం ఆపుతానని 1995లో చర్చి ఒప్పుకుంది.

మనసారా అందుకునేదీ, ముఖం తిప్పుకునేదీ, రెండూ ఒకే మనిషికి ఒకే ఏడాదిలో ఎదురైన ఉదంతం ఒకటుంది. 1893లో గాంధీ, వ్యాపారి దాదా అబ్దుల్లా కేసు పని మీద దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా చేరారు. అక్కడి న్యాయవాది బేకర్ మతప్రచారకుడు కూడా. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు కొద్దిమంది మిత్రులతో మోకరిల్లి ప్రార్థించేవాడు. గాంధీని రమ్మన్నాడు, గాంధీ వెళ్లారు. కొత్తగా వచ్చిన ఈ సోదరుడికి దారి చూపమని అక్కడున్నవాళ్లు ఆయన పేరిట ప్రత్యేకంగా ప్రార్థించారు. ఇరవై మూడేళ్ల గుజరాతీ యువకుడు, పరాయి దేశం, రైల్లోంచి తోసేసిన అవమానం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ సమయంలో తన మేలు కోరి మోకరిల్లిన మనుషులను ఆయన తోసిపుచ్చలేదు. చెప్పింది విన్నారు, ఇచ్చిన పుస్తకాలు చదివారు. ఆ మిత్రబృందంలోని కోట్స్ ఒకరోజు ఆయన మెడలోని తులసిమాల చూసి, ఈ మూఢనమ్మకమెందుకు, తెంపేస్తానన్నాడు. గాంధీ ఒప్పుకోలేదు. అది అమ్మ వేసిన మాల. దాని మహిమ తనకు తెలియదని, ప్రేమతో వేసినదాన్ని కారణం లేకుండా తీయలేనని, దానంతట అది తెగిపోతే కొత్తది వేసుకోనని చెప్పారు.

తర్వాత బేకర్ ఆయనను వెల్లింగ్టన్‌లో జరిగిన క్రైస్తవ సమ్మేళనానికి తీసుకెళ్లాడు. నల్లవాడిని వెంటబెట్టుకున్నందుకు హోటల్ దగ్గర తానూ ఇబ్బంది పడ్డాడు, పడి కూడా అతిథి పక్షానే నిలబడ్డాడు. సమ్మేళనంలో చాలామంది తన కోసం ప్రార్థిస్తుండడం గాంధీ గమనించారు. వాళ్ల భక్తి ఆయనను కదిలించింది కానీ మతం మార్చుకోవడానికి కారణమేదీ కనిపించలేదు. ఆ మిత్రుల పట్ల కృతజ్ఞతను మాత్రం ఆత్మకథ రాసేనాటికీ దాచుకోలేదు. మోకరిల్లిన మిత్రులకు తలవంచిన గాంధీయే మాల మీద చెయ్యి పడబోతే వెనక్కి జరిగారు. తన మేలు కోరడం ఒకటి, తాను తానుగా ఉండకూడదని కోరడం మరొకటి. మనుషులు ఈ రెంటినీ చటుక్కున పసిగడతారు.

అసలు దేవుణ్ణే నమ్మనివాళ్లు కూడా పసిగడతారు. మతాన్ని జీవితమంతా ఖండించిన రచయిత క్రిస్టఫర్ హిచెన్స్‌కు 2010లో అన్నవాహిక క్యాన్సర్ వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబర్ 20ని ఆయన కోసం ప్రార్థించే రోజుగా కొందరు విశ్వాసులు ప్రకటించారు. ఆయన అందరినీ ఒకే గాటన కట్టలేదు. శిక్ష అనుభవించి పోవాలని కోరుకున్నవాళ్లను ఒకవైపు పెట్టారు. కోలుకోవాలని కోరుకున్నవాళ్ల సద్భావానికి విలువిచ్చారు, తాను మాత్రం అందులో పాలుపంచుకోనన్నారు. చివరి క్షణాల్లోనైనా మనసు మారాలని కోరుకున్నవాళ్లకు ఆ ఆశ పెట్టుకోవద్దని స్పష్టంగా చెప్పారు. ఆయన చికిత్సకు దారి వెతికినవాళ్లలో ఒకరు జన్యుశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ కాలిన్స్, గట్టి క్రైస్తవ విశ్వాసి. ఆ స్నేహం 2011 డిసెంబరులో హిచెన్స్ మరణించేదాకా నిలిచింది.

ప్రార్థన వల్ల రోగం తగ్గుతుందా అన్నది వేరే చర్చ. దానికి సంబంధించిన ఒక పెద్ద పరిశోధన మాత్రం మన ప్రశ్నకు దగ్గరగా వస్తుంది. అమెరికాలో 6 ఆసుపత్రుల్లో గుండె బైపాస్ చేయించుకున్న 1802 మందిని మూడు గుంపులు చేసి, రెండు గుంపుల పేరిట మాత్రమే క్రైస్తవ బృందాల చేత ప్రార్థన చేయించారు. ప్రార్థించేవాళ్ల దగ్గర రోగి మొదటి పేరు, ఇంటిపేరులో తొలి అక్షరం తప్ప ఏమీ లేవు. 2006లో ఫలితాలు వచ్చాయి. ప్రార్థన జరుగుతుందో లేదో తెలియని రెండు గుంపుల్లో శస్త్రచికిత్స తర్వాతి చిక్కులు 52, 51 శాతం మందికి వచ్చాయి. తమ కోసం ప్రార్థన జరుగుతోందని కచ్చితంగా తెలిసిన గుంపులో 59 శాతం మందికి వచ్చాయి. అది కాకతాళీయమే కావచ్చు. “ప్రార్థన దాకా వచ్చిందంటే నా పరిస్థితి అంత దిగజారిందా” అన్న గుబులు కొందరిలో పుట్టి ఉండవచ్చని పరిశోధకుల్లోనే ఒకరు అనుమానించారు. ఈ ఒక్క లెక్కను పట్టుకుని ఏదీ తేల్చలేం. అయితే పరిచయం లేనివాళ్లు, ముఖం చూపనివాళ్లు, పొడి అక్షరాలు పట్టుకుని చేసే ప్రార్థన మసీదు గుమ్మం దగ్గరి ఊపిరిలాంటిది కాదని గుర్తుంచుకోవడం మంచిది.

ఇక ప్రార్థించమంటారా అని రోగిని అడగడం గురించి. ఇంగ్లండులో 2008 చివర ఇళ్లకు వెళ్లి వైద్యసేవ చేసే ఒక నర్సు, కట్టు కట్టడం అయ్యాక వృద్ధ రోగిని మీ కోసం ప్రార్థించమంటారా అని అడిగింది. ఆవిడ వద్దంది. నర్సు అంతటితో ఊరుకుంది. తనకేమీ బాధ కలగలేదు కానీ వేరేవాళ్లయితే నొచ్చుకోవచ్చని ఆ వృద్ధురాలు మరో నర్సుతో అంది. ప్రార్థిస్తానన్న నర్సును సస్పెండ్ చేశారు. దేశమంతా గగ్గోలు పుట్టి 2009 ఫిబ్రవరిలో మళ్లీ పనిలోకి తీసుకున్నారు. నర్సు అడిగింది, రోగి వద్దంది, విషయం అక్కడితో ముగిసింది. ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు. అడిగినందుకే శిక్ష వేయడం అన్యాయం. కానీ మంచం మీద ఉన్న మనిషి లేచి వెళ్లిపోలేడు. రేపు సూది వేయాల్సిన చెయ్యే ఇవాళ ప్రార్థన చెయ్యమంటావా అని అడిగితే, వద్దని చెప్పడానికి జంకుతాడు. మన ఆసుపత్రుల్లో “ప్రేయర్ చేసుకుంటాం అమ్మా” అంటూ మంచం దగ్గరికొచ్చి, జవాబు వినకుండానే కళ్లు మూసుకునేవాళ్లున్నారు. వద్దన్న రోగి తలగడ కింద విబూది పొట్లం దూర్చే బంధువులూ ఉన్నారు. ఎవరి మతమైనా అది దబాయింపే.

మరొకరి కోసం దేవుణ్ణి ఏం అడగాలి అన్న ప్రశ్నకు గాంధీ ముప్పై ఐదేళ్లు ఆలోచించి జవాబు చెప్పారనుకోవచ్చు. 1928 జనవరిలో సబర్మతిలో వివిధ మతాలవాళ్లు కలిసిన సమావేశంలో ఆయన చెప్పినదాని సారాంశం ఇది: నాకిచ్చిన వెలుగే అతనికీ ఇవ్వమని దేవుణ్ణి అడగకూడదు, అతని ఎదుగుదలకు ఏ వెలుగు కావాలో అది ఇవ్వమని అడగాలి. 1947 ఏప్రిల్‌లో ఢిల్లీ ప్రార్థనా సభలో ఖురాన్ చదవడానికి కొద్దిమంది అడ్డు చెబితే, జనం వాళ్లను బయటికి నెట్టబోయారు. గాంధీ ఆపారు. ఖురాన్ ఒక్కటీ తీసేసి మిగతాది చదవడానికి ఒప్పుకోలేదు, వద్దన్నవాళ్ల చెవుల్లో బలవంతంగా పొయ్యనూ లేదు. ఆ రోజుకు ప్రార్థనే మానేశారు.

ఆ జవాబును ఆచరణలో పెట్టే అవకాశాన్ని ఆయనకు ఒక తెలుగు నాస్తికుడు ఇచ్చాడు. విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా తన కూతురికి దళిత యువకుడితో పెళ్లి నిశ్చయించారు. సేవాగ్రామ్‌లో తన ఎదుట జరిపిస్తానని గాంధీ మాటిచ్చారు. ఆశ్రమ వివాహాల్లో దేవుడి సాక్షిగా చేసే ప్రమాణం ఉండేది. పెళ్లి ఈ దంపతులది కాబట్టి, దేవుడి పేరున్న చోట సత్యం పేరు పెట్టడానికి గాంధీ ఒప్పుకున్నారు. రామనామంతో బతికిన మనిషి, నాస్తికుల ఇంటి పెళ్లికి వాళ్ల మాటల్లోనే దీవెన సిద్ధం చేశారు. ఆయన హత్య జరిగిన ఆరు వారాలకు, 1948 మార్చిలో, అన్న మాట ప్రకారమే సేవాగ్రామ్‌లో ఆ పెళ్లి జరిగింది.

వైద్యుడి పేరిట జరిగే సభ కాబట్టి ఆసుపత్రులకు ఒక విన్నపం. రోగి చేరేటప్పుడు నింపే కాగితంలో మతం అనే గడి ఎలాగూ ఉంటుంది. దాని పక్కన రెండు ప్రశ్నలు చేర్చాలి. మీ కోసం ఎవరైనా ప్రార్థించడం మీకు ఇష్టమేనా? ఇష్టమైతే ఎవరిని పిలవమంటారు? జవాబు రోగి నోటి నుంచే రావాలి, స్పృహలో ఉండగానే రాసుకోవాలి. వద్దన్నవాళ్ల మంచం దగ్గర ఆ మాటను బంధువులతో సహా అందరూ పాటించేలా నర్సులకు అధికారమివ్వాలి. కావాలన్నవాళ్లకు ఇమామునో, పాస్టరునో, పూజారినో పిలిపించే బాధ్యత ఒకరికి అప్పగించాలి. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు రావాల్సిన పని లేదు. ఈ హాలులో ఉన్న వైద్యులు తమ ఆసుపత్రి కాగితాలు ఈసారి అచ్చు వేయించేటప్పుడే మొదలుపెట్టవచ్చు.