తప్పొప్పుల పట్టిక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



గ్రంథాలయములోని పాత తెలుగు పుస్తకములను తిరుగవేసిన వారికి ఒక చిన్న కాగితము పరిచితమే. గ్రంథమునకు మొదటనో తుదనో "తప్పొప్పుల పట్టిక" యను శీర్షికతో అది కనుపించును. ఫలానా పుటలో, ఫలానా పంక్తిలో పడిన తప్పు ఇది, దానికి ఒప్పు ఇది అని రెండు వరుసలుగా అచ్చువేయబడి యుండును. చదువుటకు ముందే ఆ తప్పులను దిద్దుకొనవలసినదని కొందరు గ్రంథకర్తలు పాఠకులను వేడుకొందురు. తన తప్పును తానే చదువరి చేతికిచ్చు ఈ మర్యాద మిక్కిలి గొప్పది. రచనకు పూనుకొను ప్రతివారును నేర్వదగిన పాఠము ఆ కాగితములో నున్నది.

అచ్చుతప్పు అక్షరమునకు సంబంధించినది. రచనలోని లోపము అంతకంటె లోతైనది. అది పట్టికలో ఇముడదు. అట్టి లోపము తన కృతిలో తనకే కనబడినపుడు రచయిత యేమి చేయవలెను? ఈ ప్రశ్నకు గురజాడ అప్పారావుగారి సాహిత్య జీవితము చక్కని సమాధానము.

1862లో జన్మించిన అప్పారావుగారు యౌవనమున ఆంగ్లములో కవిత్వము చెప్పిరి. 1883లో వెలువడిన వారి ఆంగ్ల కావ్యము "సారంగధర"ను చూచి, కలకత్తాలో పత్రిక నడుపుచుండిన శంభుచంద్ర ముఖర్జీగారు మెచ్చుకొనుచునే, మాతృభాషలో వ్రాయవలసినదని హితవు చెప్పిరి. మెప్పుతో కలిసి వచ్చిన ఆ హితవు వృథా పోలేదు. అప్పారావుగారి కలము తెలుగునకు మరలినది.

కన్యలను ధనమునకు ముసలివారికి కట్టబెట్టు దురాచారముపై వారు వాడుకభాషలో వ్రాసిన "కన్యాశుల్కము" 1892లో విజయనగరమున ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది. ప్రజలు ఆదరించిరి. మరియొకరైనచో ఆ పేరుతో తృప్తిపడి వేరొక గ్రంథమునకు పూనుకొని యుందురు. అప్పారావుగారు అట్లు చేయలేదు. పండ్రెండేండ్ల పిదప, 1909లో, రెండవ కూర్పును ప్రకటించిరి. అది పూర్వపు పుస్తకమునకు మెరుగు పెట్టిన ప్రతి కాదు. దాదాపు క్రొత్త నాటకము. అయిదంకములు ఏడంకములైనవి. తొలి కూర్పులో కొద్దిపాటి చోటు మాత్రమే గల మధురవాణి మలికూర్పులో నాటకమునకు ప్రాణమైనది. నేటి పాఠకులు "కన్యాశుల్కము" అన్నపుడు తలచుకొనునది ఈ రెండవదానినే.

కుమ్మరి పచ్చికుండ వంకర పోయినచో దానిని మరల ముద్దచేసి సారెపై పెట్టును. ఆవములో కాలిన కుండను మాత్రము దిద్దలేడు. వ్రాతప్రతి పచ్చికుండ యనియు, అచ్చయిన పుస్తకము కాలిన కుండ యనియు లోకము తలచును. అప్పారావుగారు అచ్చయిన పుస్తకమును సైతము పచ్చిమట్టిగానే చూచిరి. అచ్చులోనికి వచ్చినందున తన కృతి తప్పులేనిదని వారు భ్రమపడలేదు. తప్పున్నదని దానిని త్యజింపనూ లేదు. తొలి కూర్పులేక మలికూర్పు లేదు. 1897లో, ఇంకను లోపములున్నవి గదా యని ఆ ప్రతిని పెట్టెలో దాచియుండినచో, 1909లో తిరుగవ్రాయుటకు వస్తువే యుండెడిది కాదు.

మరి రెండవ కూర్పు నిర్దుష్టమా? అదియును కాదు. ఆ నాటకము ఒక రాత్రిలో సమగ్రముగా ప్రదర్శించుటకు మిక్కిలి దీర్ఘమైనది. నాటక సమాజములు కుదించియే ఆడుచు వచ్చినవి. కథాసంవిధానము సడలినదని విమర్శించినవారును కలరు. అయినను ఆ నాటకము జీవించియే యున్నది. అప్పారావుగారి "బిల్హణీయము", "కొండుభట్టీయము" అసంపూర్ణముగనే మిగిలినవి. ఆ తునుకలను సైతము సాహిత్యాభిమానులు ఆసక్తితో చదువుదురు. 1910లో వారు ప్రకటించిన కథానిక పేరు "దిద్దుబాటు". భర్త నడవడిని భార్య నేర్పుతో దిద్దిన కథ యది. ఆ పేరు వారి సాహిత్య కృషి కంతటికిని తగియున్నది.

లోపమును సహించుట యనగా అశ్రద్ధను సమర్థించుట కాదు. "వ్రాసినదెల్ల బాగే" యనువానికిని, "వ్రాసినదెల్ల పనికిరాదు" అనువానికిని ఫలము ఒక్కటే: ఇద్దరును తిరుగవ్రాయరు. మొదటివాడు అహంకారముచే ఆగిపోవును. రెండవవాడు సిగ్గుచే ఆగిపోవును. గ్రామసీమలలో రెండవ తెగవారే యధికులు. నాట్లువేయుచు పదము కట్టగల స్త్రీలు, పండుగనాటికి నాటకము వ్రాయగల యువకులు ప్రతి యూరను కలరు. ఛందస్సు రాదనియు, భాష పండితులు మెచ్చునది కాదనియు జంకి, వారిలో ఎందరో తమ కూర్పులను నోటనే మ్రింగుదురు; వ్రాసిన కాగితములను పొయ్యిలో వేయుదురు. ఆ మంటలో తప్పులతో పాటు, రాబోవు మలికూర్పులును కాలిపోవును. అది ఊరికి తీరని నష్టము.

ఇచట గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. "కన్యాశుల్కము" తొలి కూర్పు చాలకాలము మరుగుపడి యుండగా, 1969లో బంగోరెగారు దానిని మరల వెలుగులోనికి తెచ్చిరి. నాటినుండి రెండు కూర్పులను ప్రక్కప్రక్కన నుంచి, ఒక మహారచయిత తన్ను తాను ఎట్లు దిద్దుకొనెనో చూచుట పాఠకులకు సాధ్యమైనది. గ్రామ గ్రంథాలయము ఆ రెండింటిని ఒకే అరలో నుంచుట మేలు. యువకుల లిఖిత పత్రికలను కొట్టివేతలతో, దిద్దుబాటులతో సహా భద్రపరచుట అంతకంటె మేలు. పదేండ్ల తరువాత ఆ వ్రాసినవారే వచ్చి, తమ తొలి యడుగులను చూచుకొని నవ్వుకొందురు. ఆ నవ్వుతోనే మరల కలము పట్టుదురు.

చదివి తీర్పుచెప్పు పెద్దలకును ఒక మనవి. ఆ పాత కాగితములో వరుసలు రెండు. తప్పును మాత్రము చూపి, ఒప్పును చూపనివారు సగము పట్టికనే నింపినవారగుదురు. రెండవ వరుసను నింపుటకు ఓర్పు కావలెను, ప్రేమయును కావలెను. ఈ రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమున ఆ రెండవ వరుస ఏనాడును ఖాళీగా నుండకుండుగాక!